135 రూపాయల నిర్ణయం

మా బావమరిది కొడుకు కారు కొనాలని నిశ్చయించుకొన్నాడు. ఉద్యోగం వచ్చి మూడేళ్ళయింది, పెళ్ళి కుదిరింది, ఇక కారు లేకపోతే ఎలాగని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. కుర్రవాడు పద్ధతిగలవాడు. పది కార్ల పేర్లు ఒక పట్టికగా వేసి, ఒక్కొక్కదాని ఎదుట మైలేజీ, డిక్కీలో పట్టే సామాను, సర్వీసు ఖర్చు, నేలకూ కారు అడుగుకూ నడుమ ఎత్తు, ఇంకా నాకు అర్థం కాని ఏడెనిమిది గడులు నింపుకొని వచ్చాడు. "మామయ్యా, మీరు ఇరవై ఏళ్ళకు పైగా కారు నడుపుతున్నారు గదా, వీటిలో ఏది కొనమంటారు?" అని అడిగాడు.

ఆ పట్టికను చాలాసేపు చూశాను. అందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. అయితే ఈ ఇరవై ఏళ్ళలో కార్ల విషయమై నేను చేసిన మంచి పనులు గానీ చెడ్డ పనులు గానీ ఆ గడులలో ఎక్కడా ఇమడవు. ఏ కంపెనీ, ఏ రంగు, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని నెలల తరబడి బుర్ర బద్దలు కొట్టుకొని చేసిన నిర్ణయాలు అటయినా ఇటయినా పెద్ద తేడా పడేది కాదు. నన్ను గట్టెక్కించినవీ, నిలువునా ముంచినవీ వేరే ఉన్నాయి. అవన్నీ కాఫీ త్రాగుతూనో, ఫోను చూసుకొంటూనో, అరనిమిషంలో తేల్చేసిన పనులు. ఈ మాట అతనికి ఆ పూట సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఈ టపా.

మంచితో మొదలుపెడతాను. 2003లో నేను కొన్న మొదటి కారు మారుతి 800, నా చేతికి రావడం మూడో చేయి. ఇప్పటి పిల్లలకు ఆ పేరు చెబితే నవ్వుతారు గానీ, మా తరానికి అదొక శకం. 1983 డిసెంబరులో మొదటి కారు తాళాలను నాటి ప్రధాని ఇందిరాగాంధీ స్వయంగా కొనుగోలుదారు చేతికి అందించారు. అంతకు ముందు అంబాసిడరుకో, ఫియటుకో డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన దేశం మనది. మూడు సిలిండర్లు, 796 సీసీల ఇంజను గల ఆ చిన్న డబ్బా 2014 జనవరి దాకా తయారవుతూనే ఉంది.

నేను దానిని కొన్నది దాని మీది మోజుతో కాదు. చేతిలో అంతకు మించి డబ్బు లేక. అంచేత ఆ కారును ఎంచుకోవడంలో నా తెలివి ఏమీ లేదు. తెలివైన పని ఒక్కటే చేశాను - బయానా ఇచ్చే ముందు మా వీధి చివరి మెకానిక్కును వెంటబెట్టుకొని వెళ్ళాను. అందరూ ఆయనను భాయి అనేవారు. నేనూ అలాగే పిలిచేవాడిని. ఆ రోజులలో ఆయనకు నేనిచ్చినది రెండు వందల రూపాయలూ, ఒక టిఫినూ.

"పొద్దున్నే పోదాం సార్, ఆళ్ళు బండి స్టార్ట్ చేయకముందే" అన్నాడాయన. ఎందుకో నాకు అర్థం కాలేదు. వెళ్ళగానే బానెట్ మీద చేయి వేసి చూశాడు. చల్లగా ఉందని తలాడించి అప్పుడు తాళం తిప్పమన్నాడు. రాత్రంతా చల్లారిన ఇంజను ఎలా అందుకొంటుందో చూస్తే సగం రోగం తెలిసిపోతుందట. అమ్మేవాళ్ళు మనం వచ్చే ముందే వేడి చేసి పెడతారట. సైలెన్సరు నుండి వచ్చే పొగ నీలంగా ఉంటే ఇంజను ఆయిలు తాగుతున్నట్టు. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత విప్పి, అరచేయి అడ్డం పెట్టి, లోపలి నుండి గాలి ఎంత వేగంగా తన్నుతున్నదో చూశాడు. తలుపుల అంచున రబ్బరు పట్టీలను ఊడబెరికి కంపెనీ వాళ్ళు వేసిన వెల్డింగు చుక్కలు వరుసగా ఉన్నాయో లేదో చూశాడు - గుద్దుకొని అతికిన బండి అయితే ఆ చుక్కలు ఉండవు. బానెట్ బోల్టుల మీద రంగు చెదిరిందా, టైర్లు ఒక ప్రక్కనే అరిగాయా, అన్నీ చూసి, చివరకు ఆర్సీ తీసుకొని, అందులోని ఛాసిస్ నంబరును ఇనుము మీది అంకెలతో ఒక్కొక్కటిగా పోల్చాడు. అక్షరాలు కూడబలుక్కొని చదివే మనిషి ఆయన. ఆ నంబరు చదవడానికి అయిదు నిమిషాలు పట్టింది. కారు మొత్తంలో అంత శ్రద్ధ దేని మీదా చూపలేదు.

ఆ శ్రద్ధ ఎందుకో నాకు తెలియడానికి పదహారేళ్ళు పట్టింది.

ఆ కారు తొమ్మిదేళ్ళు నడిచింది. 2012లో దానిని భాయికి తెలిసిన వాళ్ళే ఎవరో కొన్నారు. అప్పుడు కూడా ఆయన ఒక చిత్రమైన పట్టు పట్టాడు. కొనేవాడు డబ్బు పట్టుకొని వచ్చి నిలబడితే, "ముందు ఆర్టీఏకి పోదాం, కాగితాలు ఇచ్చినంక డబ్బు" అన్నాడు. ఒక పూట సెలవు పెట్టి, ఖైరతాబాదు వెళ్ళి, వరుసలో నిలబడి, పేరు మార్పిడికి కాగితాలిచ్చి, రసీదు జేబులో పెట్టుకొని అప్పుడు డబ్బు లెక్కపెట్టుకొన్నాను. ఇంత తతంగం దేనికని విసుక్కొన్నాను కూడా. నా కార్ల చరిత్రలో రెండు మంచి నిర్ణయాలు ఉన్నాయంటే ఆ రెండూ నిజానికి భాయివే.

రెండవ కారుకు వచ్చేసరికి నాకు జీతం పెరిగింది, సొంత తెలివి పెరిగింది, సలహాలు చెప్పేవారూ పెరిగారు. అది 2012. పెట్రోలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ 2010 జూన్‌లోనే తొలగింది. డీజిలు మీద మాత్రం అలాగే ఉంది. 2012 మే చివర ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయలు దాటితే, డీజిలు 41 రూపాయల లోపే ఉండేది. మన దగ్గర పన్నులతో రెండూ మరి కాస్త ఎక్కువ, తేడా మాత్రం అలాగే ఉండేది. ఇక ఊరందరిదీ ఒకటే మాట - డీజిలు కొనని వాడు వెర్రివాడు. పెట్రోలు బండ్లు షోరూములలో బూజు పట్టి ఉంటే, డీజిలు బండికి మూడు నెలలు ఆగమనేవారు. నేను ఆగి మరీ కొన్నాను.

లెక్క వేయకుండా కొన్నానా అంటే, వేశాను. సగం లెక్క వేశాను. పెట్రోలు కారుకు కిలోమీటరుకు 5 రూపాయలు, డీజిలు కారుకు 2 రూపాయల 25 పైసలు. కాబట్టి ప్రతి కిలోమీటరుకూ 2 రూపాయల 75 పైసల లాభం అని సంబరపడ్డాను. నేను ఏడాదికి తిరిగేది ఎంత అని మాత్రం చూసుకోలేదు. ఆఫీసుకు బస్సు ఉంది. కారు తీసేది ఆదివారాలూ, పెళ్ళిళ్ళూ, సంక్రాంతికి ఊరూ. అంతా కలిపి 7,000 కిలోమీటర్లు. అంటే ఏడాదికి 19,250 రూపాయల ఆదా. డీజిలు బండికి అదనంగా పోసినది 1,20,000. వడ్డీ, ఎక్కువ పడే సర్వీసు ఖర్చు ప్రక్కన పెట్టినా, అసలు రాబట్టుకోవడానికే ఆరేళ్ళు దాటాలి. ఈలోగా 2013 జనవరి నుండి డీజిలు ధరను నెలనెలా కొద్దికొద్దిగా పెంచుతూ వచ్చి, 2014 అక్టోబరులో దాని మీది నియంత్రణను కూడా ఎత్తివేశారు. నా 2 రూపాయల 75 పైసలు కళ్ళముందే కరిగిపోయాయి. కారును అమ్మేనాటికి అయిదేళ్ళయినా నిండలేదు. మూడవ తరగతి గుణకారం. ఇంజనీరింగు చదివినవాడిని.

అదే రోజు, అదే బల్ల దగ్గర ఇంకొక నిర్ణయం కూడా చేశాను. ఎయిర్‌బ్యాగులు ఉన్న రకానికి ఇంకొక 38,000 అవుతుందన్నారు. "ఊళ్ళో నడిపేదానికి అవి దేనికండీ" అన్నాడు అమ్మే కుర్రవాడు. అతనిని అనవలసిన పని లేదు. నేను వినాలనుకొన్న మాటే చెప్పాడు. ఆ డబ్బులో 22,000 పెట్టి సీటు కవర్లు, పాటల పెట్టె, వెనుక అద్దం మీద ఒక రెక్కలాంటిది బిగించుకొన్నాను. ఆ రెక్క ఎందుకో నాకు నేటికీ తెలియదు. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు భారతదేశంలో అమ్ముడుపోయే అయిదు చిన్న కార్లను, ఎయిర్‌బ్యాగులు లేని రకాలను, గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూస్తే ఒక్కదానికీ ఒక్క నక్షత్రమయినా రాలేదు. వాటిలోనే ఒకదానికి రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టి మళ్ళీ గుద్దిస్తే నాలుగు వచ్చాయి. ఆ వార్త చదివిన రోజున నేను చేసిన పని పత్రికను మడిచి పెట్టడం. కొన్నవాడికి ఆ పైన చేయగలిగినది ఏముంటుంది? తరువాత చట్టమే మారింది; 2019లో డ్రైవరు ముందు, 2021లో ప్రక్కసీటు ముందు కూడా తప్పనిసరి చేశారు. అంటే ఆ ఎంపికను మన చేతుల్లో నుండి తీసివేశారు. మంచిపని. నా వంటివాడికి ఆ ఎంపిక ఇవ్వకూడదు.

ఇవి రెండూ తెలివితక్కువ పనులే గానీ, వీటిని అతి చెడ్డవి అనను. నా డబ్బు పోయింది, నా ప్రాణం పోలేదు. అతి చెడ్డది ఇప్పుడు చెబుతాను.

2017 మార్చిలో ఆ డీజిలు బండిని అమ్మదలచుకొన్నాను. భాయి అప్పటికి నగరం విడిచి కొడుకు దగ్గరకు వెళ్ళిపోయాడు. ఫోను చేస్తే 2,90,000 ఇప్పిస్తానన్నాడు. పాత కార్లు కొని అమ్మే ఒక బ్రోకరు 3,10,000 అన్నాడు. అద్దాల గది, చల్లటి గాలి, కాఫీ. డబ్బు వెంటనే ఖాతాలో వేశాడు. టీవో ఫారాల మీద, అంటే పేరు మార్పిడికి కావలసిన 29వ ఫారం రెండు ప్రతుల మీదా 30వ ఫారం మీదా, సంతకాలు చేయమన్నాడు. కొనేవాడి పేరు ఉండవలసిన చోటు ఖాళీ. అడిగాను. "పార్టీ దొరకంగనే ఆళ్ళ పేరు రాస్తం సార్. నా పేరున మార్చిన్ననుకో, ఓనర్లు ఇద్దరైతరు, రేటు పడిపోద్ది. సింగిల్ ఓనర్ బండి అంటే గిరాకి" అన్నాడు. నిజమే గదా అనిపించింది. డెలివరీ నోటు మీద ఒక సంతకం చేసి నాకొక ప్రతి ఇచ్చాడు. కాఫీ బాగుంది.

ఈ ఖాళీ ఫారాల పద్ధతి ఆ ఒక్క బ్రోకరుది కాదు. ఆ వ్యాపారమంతా దాని మీదే నడిచింది. కారు నాలుగు చేతులు మారుతుంది. ఆర్సీలో మాత్రం మొదటివాడి పేరే. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాడు 14 రోజులలోగా, కొన్నవాడు 30 రోజులలోగా రవాణా అధికారులకు తెలియజేయాలి. కొన్నవాడు చేసుకొంటాడులే అని మనం అనుకొంటాము గానీ, అమ్మినవాడికి కూడా ఒక బాధ్యత ఉన్నదనీ, అతని గడువే ముందుదనీ నాకు తెలియదు. బండి కొనేటప్పుడు నంబరులోని అంకెలు కూడితే తొమ్మిది వస్తుందా అని చూసుకొంటాము. 9999 కోసం లక్షలు వేలంపాట పాడే నగరం ఇది. నిమ్మకాయలు తొక్కిస్తాము, కొబ్బరికాయ కొడతాము. ఆ నంబరుకు ఎదురుగా ఎవరి పేరు ఉన్నదో మాత్రం అమ్మిన తరువాత ఎవరమూ చూడము.

ఏడాదికి కాబోలు, నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. సిగ్నలు దగ్గర గీత దాటి ఆగినందుకు చలాను: 100 రూపాయల జరిమానా, 35 రూపాయల రుసుము. లింకు నొక్కితే ఫొటో కూడా ఉంది. నా కారే. అదే రెక్క. కిటికీలో నుండి ఎవరిదో చేయి బయటికి వ్రేలాడుతున్నది, మణికట్టుకు ఎర్రదారం. ఇంకా నా పేరు మీదే ఉందన్నమాట అనుకొన్నాను. బ్రోకరుకు ఫోను చేస్తే, "అరే, పార్టీ మార్పించుకోలేదా సార్, చెప్త" అన్నాడు. ఆర్టీఏ కార్యాలయానికి వెళ్ళాలి, డెలివరీ నోటు చూపించి అర్జీ ఇవ్వాలి, ఒక పూట సెలవు పెట్టాలి. మొత్తం 135 రూపాయలు. ఫోనులో కట్టేసి, సందేశం చెరిపేశాను.

కార్ల విషయమై నేను చేసిన అతి చెడ్డ నిర్ణయం అదే.

2019లో ఒక రోజు తపాలాలో నోటీసు వచ్చింది. మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునలు నుండి. 2018 నవంబరులో హయత్‌నగరు దాటిన తరువాత, జాతీయ రహదారి అంచున తోపుడు బండి మీద జామకాయలు అమ్ముకొనే ఒక వృద్ధుడిని ఫలానా నంబరు గల కారు గుద్దింది. అతనికి తొడ ఎముక విరిగింది. పరిహారం ఇప్పించవలసినది అని. ప్రతివాదులలో మొదటివాడు డ్రైవరు. రెండవ పేరు నాది.

మొదట నవ్వు వచ్చింది. కారు అమ్మి ఏడాదిన్నర దాటిన తరువాత జరిగిన ప్రమాదం! డెలివరీ నోటు ఉంది, ఖాతాలో డబ్బు పడిన ఆధారం ఉంది. వకీలు గారి దగ్గరకు ధీమాగానే వెళ్ళాను. ఆయన కాగితాలు చూసి రెండే ప్రశ్నలు వేశారు. "ఆర్సీ ఎవరి పేరున ఉంది? ఇన్సూరెన్సు ఉందా?" ఆర్సీ నా పేరునే ఉంది. ఇన్సూరెన్సు నేను కట్టినది 2018 జనవరితో అయిపోయింది. తరువాత ఎవరూ కట్టలేదు. బ్రోకరు ఫోను పని చేయడం లేదు. అద్దాల గదిలో అప్పటికి మొబైళ్ళ దుకాణం పెట్టారు.

అప్పుడు ఆయన నాకు 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పును గురించి చెప్పారు. అందులోనూ ఇదే కథ. కారు ఒకరి తరువాత ఒకరుగా చేతులు మారింది, రిజిస్ట్రేషను మాత్రం మారలేదు, ప్రమాదం జరిగింది. ఎవరు యజమాని? రిజిస్టరులో ఎవరి పేరు ఉన్నదో అతడే చట్టం దృష్టిలో యజమాని, పరిహారానికి అతడే బాధ్యుడు అని కోర్టు తేల్చింది. బండి ఎవరి నుండి ఎవరికి పోయిందో ఆ గొలుసునంతా వెదుక్కొంటూ తిరిగే భారాన్ని దెబ్బ తిన్నవాడి మీద పెట్టరాదని అందులోని సారాంశం. ఇన్సూరెన్సు ఉండి ఉంటే గడ్డు కాకపోను. బండి చేతులు మారినా ఇతరులకు కలిగే నష్టం మేరకు పాలసీ కూడా మారినట్టే భావించాలని 157వ సెక్షను చెబుతుంది. లేని పాలసీ ఎవరికి మారుతుంది?

ఇది అన్యాయమని నేను చాలాకాలం వాదించాను. మిత్రులతో, ఇంట్లో, నాలో నేను. నేను నడపలేదు, నేను తాగి నడపమని చెప్పలేదు, ఆ కారును చూసి ఏడాదిన్నర అయింది. చట్టానికి దొరికినవాడే దొంగ అన్నాను. ఈ మాటలు మీలో కూడా కొందరు అంటారని తెలుసు. మొన్న ఒక మిత్రుడు ఇది చెబితే అచ్చం ఇలాగే మండిపడ్డాడు.

2021లో లోక్ అదాలతులో రాజీకి కూర్చోబెట్టారు. అక్కడ వాళ్ళిద్దరినీ మొదటిసారి చూశాను. డ్రైవరు పాతికేళ్ళ లోపు కుర్రవాడు. గడ్డం క్రింద నుండి పెదవి దాకా పొడుగాటి మచ్చ. తోపుడు బండిని గుద్దిన తరువాత కారు వెళ్ళి డివైడరును కొట్టుకొందట, ముఖం స్టీరింగుకు తగిలిందట. ఆ మచ్చకూ, నా 38,000 రూపాయలకూ ఉన్న బంధుత్వం అతనికి తెలియదు. నేను చెప్పలేదు.

వృద్ధుడు చేతికర్ర ఆనించుకొని బల్ల చివర కూర్చున్నాడు. నన్ను చూపించి ఎవరో ఏదో చెప్పారు. కాసేపటికి ఆయన నా వైపు తిరిగి, కోపమేమీ లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టుగా అడిగాడు: "సారూ, బండి మీదేనంట గద. మీరు నడపలేదంట గద. మరి మీరెందుకు వచ్చిండ్రు?"

జవాబు చెప్పడానికి ప్రయత్నించాను. అమ్మేశానండీ, కానీ పేరు మారలేదు, బ్రోకరు మార్పిస్తానన్నాడు, ఫారాల మీద సంతకం చేశాను, కొన్నవాడు వేరే అతనికి అమ్మాడు, అతను ఈ అబ్బాయి బావకు ఇచ్చాడు... ఆయన ఓపికగా విన్నాడు. చెబుతున్నకొద్దీ నాకే వినిపించింది - ఈ గొలుసులోని ఒక్కొక్క మనిషినీ ఈయన, ఈ చేతికర్రతో, వెదుక్కోవాలని నేను మూడేళ్ళుగా వాదిస్తున్నానన్నమాట. జామకాయలు అమ్ముకొనే మనిషికి ఆ నంబరు పలక ఒక్కటే ఆధారం. ఆ పలక వెనుక ఎవరో ఒకరు నిలబడి ఉండాలి. ఆ స్థానంలో నేను నిలబడనని తప్పించుకోవడానికి నాకున్న అర్హత ఏమిటి? 14 రోజులు ఇచ్చారు, వెళ్ళలేదు. ఫొటో తీసి మరీ ఫోనుకు పంపించి, నీ బండి ఇంకా నీదేనని చెప్పారు. 135 రూపాయలు కట్టి, కాదన్నట్టు ఊరుకొన్నాను.

అందుచేత ఆ తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. నా వంటివారికి గట్టిగా తగులుతుంది, తగలాలి కూడా. తగలవలసిన మరొకచోట తగలకపోవడమే లోపం. కొని, తన పేరున మార్చుకోకుండా, లాభం తీసుకొని తప్పుకొనే బ్రోకరు అన్నేళ్ళూ చట్టం కంటికి కనబడనే లేదు. 2022 డిసెంబరులో కేంద్రం నిబంధనలు మార్చి, పాత బండ్ల డీలర్లు అధికారికంగా అనుమతి పొందాలనీ, బండి డీలరు చేతికి వచ్చినప్పుడే ఆ సంగతిని రవాణా అధికారులకు తెలియజేయాలనీ పెట్టింది; 2023 ఏప్రిల్ 1 నుండి అది అమలులోకి వచ్చింది. అమ్మేవారు ఆ సదుపాయాన్ని అడిగి మరీ వాడుకోవాలి. అడగకపోతే ఖాళీ ఫారాలే ముందుకు వస్తాయి, కాఫీతో సహా.

రాజీలో నేను కట్టినది 2,80,000 రూపాయలు. భాయి ఇప్పిస్తానన్న ధర కంటె 20,000 ఎక్కువకు ఆశపడ్డానని పైన చెప్పాను గదా. ఆ కుర్రవాడి వైపు వాళ్ళు కొంత ఇస్తామన్నారు, ఇచ్చారని విన్నాను. వాళ్ళ మీద దావా వేసి నా డబ్బు రాబట్టుకోవచ్చునని వకీలు గారు చెప్పారు. వేయలేదు.

మధ్యలో ఇంకొక కారు కొన్నాను గనుక దాని మాట కూడా. పెట్రోలుది, చిన్నది, రెండు ఎయిర్‌బ్యాగులతో. బంధువులందరూ ఏడుగురు పట్టే బండి కొనమన్నారు, సంక్రాంతికి ఊరు వెళ్ళాలంటే అందరం ఒకే బండిలో పోవచ్చునని. సంక్రాంతి ఏడాదికి ఒకసారి. ఆ నాలుగు రోజులకు పెద్ద బండి డ్రైవరుతో సహా అద్దెకు దొరుకుతుంది, పంతంగి టోల్‌గేటు దగ్గర గంట సేపు క్లచ్చు తొక్కే బాధ కూడా అతనిదే. మిగిలిన రోజులు నేనూ, మా ఆవిడా, కూరల సంచీ. ఈ ఒక్క ఎంపికను నేను సొంత బుద్ధితో సరిగా చేశాననుకొంటాను.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు నాగోలు వైపు మా అపార్ట్‌మెంటు సెల్లారులోకి నీళ్ళు వచ్చి, తెల్లవారేసరికి అదే కారు సీట్ల దాకా మునిగింది. నీళ్ళు తీసిన తరువాత చూస్తే పైకి ఏమీ కాలేదన్నట్టే ఉంది. తాళం చేతిలో పట్టుకొని నిలబడి, ఎందుకో భాయికి ఫోను చేశాను. "సార్, తాళం తిప్పకుండ్రి. బ్యాటరీ వైరు పీకి టోయింగుకు చెప్పండి" అన్నాడు. ఇంజను లోపలికి నీరు పోయి ఉంటే, గాలిని నొక్కినట్టు పిస్టను ఆ నీటిని నొక్కలేదు. నొక్కబోయి కనెక్టింగు రాడ్లు వంగిపోతాయి. పైగా, మునిగిన తరువాత మనమే స్టార్టు చేసి పాడుచేశామంటూ, ఇంజనుకు విడిగా రక్షణ తీసుకొని ఉంటే తప్ప, ఇన్సూరెన్సు వారు ఆ నష్టాన్ని ఒప్పుకోరు. ప్రక్క ఫ్లాటు ఆయన స్టార్టు చేసి చూశాడు. టకటకమని రెండు చప్పుళ్ళు, ఆ తరువాత నిశ్శబ్దం. మా కారుకు ఆయిలూ ఫిల్టర్లూ సీట్లూ మార్చారు. ఇప్పటికీ అదే నడుపుతున్నాను.

ఇదంతా మా బావమరిది కొడుకుకు చెప్పాను, టపాలో రాసినంత వరుసగా కాదు గానీ. విని, "అయితే ఏ కారు కొనమంటారు?" అని మళ్ళీ అడిగాడు. నీకు నచ్చినది కొనుక్కో, ఎయిర్‌బ్యాగులు చూసుకో, ఏడాదికి ఎంత తిరుగుతావో లెక్కవేసుకో అన్నాను. పట్టిక మడుచుకొని లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకొంటుంటే గుర్తొచ్చి, "నీ పాత మోటారు సైకిలు ఏం చేశావురా?" అన్నాను.

"అమ్మేశాను మామయ్యా, పోయిన నెలలో. ఫారాల మీద సంతకాలు పెట్టించుకొన్నారు, వాళ్ళే మార్పించుకొంటామన్నారు."

లోపలికి రమ్మన్నాను. ఫోనులో చూస్తే ఇంకా అతని పేరు మీదే ఉంది. గురువారం పదిన్నరకు ఆర్టీఏలో స్లాటు దొరికింది. డెలివరీ నోటు ఎక్కడ పెట్టాడో అతనికి గుర్తు లేదట. వాళ్ళమ్మ బీరువా అంతా వెదుకుతున్నది.